క్లయింట్ మెచ్చుకుంటే "టీమ్ చేసింది" అన్నాను, అప్రైజల్‌లో కాన్ఫిడెన్స్ లేదని రాశారు

గచ్చిబౌలి_గీత
సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదిగా అమెరికా క్లయింట్‌తో నేరుగా కాల్స్‌లో ఉంటున్నాను. ఈసారి అప్రైజల్‌లో పని గురించి అంతా బాగానే రాసి, చివర్లో ఒక లైను తగిలించారు: ఆత్మవిశ్వాసం తక్కువ, ఎవరైనా మెచ్చుకుంటే తీసుకోలేకపోతోంది. ఏమిటని అడిగితే మేనేజర్ చెప్పింది ఇది. క్లయింట్ ఎప్పుడు "గ్రేట్ జాబ్" అన్నా నేను "నో నో, ఇట్స్ నథింగ్, టీమ్ డిడ్ ఎవ్రీథింగ్" అంటానట. అవును, అంటాను. నిజంగానే టీమ్ చేసింది కదా. పదిమంది వింటుండగా "అవును, బాగా చేశాను" అని ఎలా అంటారు? ఇంట్లో గానీ బళ్ళో గానీ మనకి ఎవరూ అలా నేర్పలేదు. దీనివల్ల రేటింగ్ తగ్గిందంటే మాత్రం చాలా అన్యాయం. అసలు ఇంగ్లీషువాళ్ళు ఇలాంటప్పుడు ఏమంటారు? మీ ఆఫీసుల్లో ఎవరికైనా ఇలా జరిగిందా?

నైట్‌షిఫ్ట్_నరేశ్
మా దగ్గరా ఇదే గోల. మా టీమ్‌లో ఒక తమ్ముడున్నాడు, కోడ్ రాయడంలో పులి. క్లయింట్ పొగిడితే చాలు, మైక్ మ్యూట్ చేసేస్తాడు. లైన్ కట్ అయిందో, కోపమొచ్చిందో అవతలివాళ్ళకి అర్థం కాదు.

ఇరానీచాయ్
గీత గారూ, ముందు మీ టీమ్ వాళ్ళు మీకు పార్టీ ఇవ్వాలి.

అమీర్‌పేట్_ట్రైనర్
ఇందులో అంత చర్చించాల్సింది ఏమీ లేదు. "థ్యాంక్యూ" అనండి, నవ్వండి, ఆపేయండి. నా స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లకి మొదటి వారంలోనే చెప్పేది ఇదే. "నో నో" అంటే ఎదుటి మనిషి మాట తప్పని మొహం మీద చెప్పినట్టు.

మారేడ్‌పల్లి_మామయ్య
ట్రైనర్ గారూ, అంత తేలిగ్గా తేల్చెయ్యకండి. పొగిడినప్పుడు తల వంచుకోవడం మన దగ్గర సంస్కారం. కర్ణపర్వంలో ఏం జరిగిందో చూడండి. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి శపథం. కోపంలో ఆ మాట అన్నది ధర్మరాజు. అర్జునుడు కత్తి దూస్తే కృష్ణుడు ఆపి, పెద్దవాణ్ణి నిందిస్తే చంపినట్టే, ఆ పని చెయ్యి చాలు అంటాడు. అన్నని నిందించి, ఆ బాధతో తానే చచ్చిపోతానని అర్జునుడు మళ్ళీ కత్తి తీస్తాడు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వే పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అంటాడు. ఇలాంటి కథలు వింటూ పెరిగిన పిల్ల "యెస్, ఐ డిడ్ వెల్" అని ఎలా అంటుంది? రేటింగ్ ఇచ్చినవాళ్ళు కూడా ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళే కదా, వాళ్ళకైనా తెలియొద్దా?

గచ్చిబౌలి_గీత
అదే నా బాధ మామయ్య గారూ. మా మేనేజర్‌ది వరంగల్. ఇంట్లో వాళ్ళమ్మ గారు కూడా ఎవరైనా పొగిడితే ఇలాగే మాట్లాడతారు, నేను స్వయంగా విన్నాను.

తార్నాక_టీచరమ్మ
ఇంగ్లీషు బోధనలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పొగడ్త విన్న మనిషి మీద ఒకేసారి రెండు ఒత్తిళ్ళు పడతాయని అనితా పోమెరాంట్జ్ అనే పరిశోధకురాలు 1978లోనే రాశారు. ఎదుటివాళ్ళ మాటకి ఔననాలి, అదొకటి. సొంత డబ్బా కొట్టుకోకూడదు, అది రెండోది. ఒకటి నిలబెడితే ఇంకొకటి పడిపోతుంది. గమనించండి, ఆవిడ పరిశీలించింది ఇంగ్లీషు మాట్లాడే అమెరికన్ల సంభాషణల్నే. అంటే ఈ ఇరకాటం తెలుగువాళ్ళది మాత్రమే కాదు, పొగడ్త విన్న ప్రతివాళ్ళదీ. దాంట్లోంచి బయటపడే దారి ఒక్కో సమాజానికి ఒక్కోలా అలవాటైంది. మనం రెండో ఒత్తిడికి ఎక్కువ తలొగ్గుతాం, అంతే.

ట్రైనర్ గారు "థ్యాంక్యూ అని ఆపేయండి" అన్నారు. అమెరికన్లే అలా ఆపేయరు. రాబర్ట్ హెర్బర్ట్ అనే ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ యూనివర్సిటీలో 1,062 పొగడ్తలూ వాటికి వచ్చిన జవాబులూ పోగు చేశారు. నేరుగా ఒప్పుకున్న జవాబులు మూడో వంతు కన్నా కాస్తే ఎక్కువ. మిగతావాళ్ళు ఏం చేశారు? ఆ వస్తువు కథ చెప్పారు, ఆ గొప్ప ఇంకొకరికి ఇచ్చారు, తిరిగి వాళ్ళనీ మెచ్చుకున్నారు, "నిజంగానా?" అని అడిగారు. కాబట్టి గీత గారు టీమ్ పేరు చెప్పడంలో ఇంగ్లీషుకి విరుద్ధమైనది ఏదీ లేదు. ఇబ్బంది పెట్టింది దాని ముందున్న "నో నో, ఇట్స్ నథింగ్". అది తీసేసి, "థ్యాంక్యూ, ద టీమ్ వర్క్‌డ్ రియల్లీ హార్డ్ ఆన్ దిస్" అంటే అదే వినయం, అదే నిజం, ఎవరి మాటా కొట్టేసినట్టు ఉండదు.

ఇక ఆ అప్రైజల్ లైను సంగతి. జెన్నీ థామస్ అనే భాషావేత్త 1983లో ఒక మాట రాశారు, అది ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. వ్యాకరణంలో తప్పు వస్తే "పాపం, భాష రాదు" అనుకుంటారు. భాష ధారాళంగా వచ్చి, మాట్లాడే పద్ధతి తేడాగా ఉంటే మాత్రం భాష సంగతి ఎవరికీ తట్టదు, మనిషి స్వభావమే అలాంటిదనుకుంటారు. గీత గారి ఇంగ్లీషు బాగుంది కాబట్టే ఆ తేడాని ఆత్మవిశ్వాసం ఖాతాలో రాసేశారు. ఇది మీ మేనేజర్‌కి చూపించండి.

గచ్చిబౌలి_గీత
మేడమ్, ఆ చివరి పేరా చదివాక మనసు కుదుటపడింది. ఇంగ్లీషు బాగుండటమే ఇక్కడ అడ్డమొచ్చిందని నాకు తట్టనేలేదు.

అమీర్‌పేట్_ట్రైనర్
టీచరమ్మ గారి లెక్క నేను కాదనను. అయితే నా దగ్గరకి వచ్చే పిల్లలు ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, నెలన్నరలో ఇంటర్వ్యూకి తయారవ్వాలి. వాళ్ళకి నాలుగు దారులు చూపిస్తే నాలుగింట్లోనూ తడబడతారు. ఒక్కటి చెప్పి అది గట్టిగా నేర్పిస్తే టెన్షన్ తగ్గుతుంది. క్లాసులో నేను పనిచేసేది ఇలా.

తార్నాక_టీచరమ్మ
మొదలు పెట్టడానికి సరే. ఆ ఒక్కదానితో ఆపేస్తేనే ఇబ్బంది. వట్టి "థ్యాంక్యూ" తర్వాత మౌనం వచ్చిందంటే సంభాషణ అక్కడే చచ్చిపోతుంది. పొగడ్త చాలాసార్లు మాట కలపడానికి వేసిన మొదటి అడుగు. దాని వెనక ఒక్క వాక్యం ఉండాలి.

డాలస్_కోడలు
టీచరమ్మ గారు చెప్పిన "నో నో" ఏం చేస్తుందో నేను కళ్ళారా చూశాను. మా అత్తయ్య సైనిక్‌పురి నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు పక్కింటావిడని భోజనానికి పిలిచాం. అత్తయ్య చేసిన చింతపండు పులిహోర తిని ఆవిడ "దిస్ ఈజ్ అమేజింగ్" అంది. అత్తయ్యకి ఇంగ్లీషు బాగా వచ్చు, రిటైర్డ్ బ్యాంక్ ఆఫీసర్. "నో నో, టుడే ఇట్ ఈజ్ నాట్ గుడ్, సాల్ట్ ఈజ్ మోర్" అన్నారు. మన దగ్గరైతే ఏమవుతుంది? "భలేవారే, ఉప్పు అమృతంలా సరిపోయింది" అని రెండో విడత పొగడ్త వస్తుంది, "అయితే ఇంకాస్త వేసుకోండి" అని ఈవిడ వడ్డిస్తుంది. ఆ ఆట ఇద్దరికీ తెలుసు. ఆ పక్కింటావిడకి తెలీదు. "ఓ, ఐయామ్ సారీ" అని చెంచా కింద పెట్టేసింది. వంట చెడిపోయి అత్తయ్య బాధపడుతున్నారనుకుంది పాపం. అత్తయ్యేమో ఈవిడకి పులిహోర నచ్చలేదనుకున్నారు. నేను మధ్యలో దూరి ఇద్దరికీ సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఇరానీచాయ్
మిగిలిన పులిహోర ఏమైందో చెప్పకుండా పోస్టు ముగించారు. అడ్మిన్ గారు గమనించాలి.

డాలస్_కోడలు
విషయం తెలిశాక ఆవిడ డబ్బాలో పెట్టించుకుని మరీ తీసుకెళ్ళింది.

ఉప్పల్_ఉష
ఆ రెండో విడత సంగతి చాలా నిజం. మనం "అబ్బే" అంటున్నాం అంటే పొగడ్త వద్దని కాదు, ఇంకోసారి అడగమని. భోజనాల దగ్గర "చాలు చాలు" అంటే విస్తరిలో ఇంకో గరిటె పడుతుంది కదా, అదే లెక్క.

పాతబస్తీ_రఫీ
మా ఇళ్ళలో ఉర్దూ నడుస్తుంది, పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఎవరైనా మెచ్చుకుంటే "ఆప్ కా హుస్నే నజర్ హై" అంటారు. మంచితనం నాలో లేదు, మీ చూపులో ఉంది అని. ఔననలేదు, కాదనలేదు, ఎదుటివాళ్ళకే తిరిగి ఇచ్చేశాడు. ముషాయిరాల్లో చూడండి, జనం "వాహ్ వాహ్, ముకర్రర్" అని అరుస్తుంటే షాయర్ కాస్త వంగి, నుదుటి దగ్గరికి చెయ్యి తెచ్చి ఆదాబ్ చేస్తాడు, మళ్ళీ అదే పాదం చదువుతాడు. అతను "నహీ నహీ, బేకార్ షేర్ హై" అనడు. పొగడ్తని దర్జాగా తీసుకోవడం మన హైదరాబాద్‌కి కొత్తేం కాదు మామయ్య గారూ.

మారేడ్‌పల్లి_మామయ్య
రఫీ భాయ్, ఇది బాగా చెప్పారు. కవి సభలో సరే, ఆ ఆదాబ్‌లో కూడా తల వంచడం ఉంది చూశారా. నేను అడిగేది ఆ వంపు ఎక్కడికి పోతోందనే. రేపు మా మనవరాలు తెలుగులో కూడా "అవును తాతయ్యా, నాకు తెలుసు బాగుందని" అంటే వినడానికి బాగుంటుందా?

నైట్‌షిఫ్ట్_నరేశ్
నాకు బాగానే ఉంటుంది మామయ్యా. మా చెల్లి అలా అంటే గర్వపడతాను. ఆడపిల్లలు "ఏముందిలే నాలో" అనడం విని విని విసుగొచ్చింది.

మారేడ్‌పల్లి_మామయ్య
ఇక్కడ మీకూ నాకూ కుదరదు నరేశ్ బాబూ.

తార్నాక_టీచరమ్మ
మామయ్య గారి భయానికి చైనా నుంచి ఒక ఉదాహరణ ఉంది. రాంగ్ చెన్ అనే పరిశోధకుడు షియాన్ నగరంలో చైనీయుల జవాబులు సేకరించి 1993లో ప్రచురించారు. 95 శాతానికి పైగా పొగడ్తని తోసిపుచ్చే జవాబులే. అదే ఊళ్ళో మళ్ళీ అలాంటి పరిశీలనే చేసి 2010లో ప్రచురిస్తే, 60 శాతానికి పైగా ఒప్పుకునే జవాబులు వచ్చాయి. అవి చైనా భాషలో ఇచ్చిన జవాబులే, ఇంగ్లీషులో కాదు. బయటి ప్రపంచంతో రాకపోకలు పెరిగితే సొంత భాషలో కూడా పద్ధతి మారుతుంది. అది మంచిదో కాదో నేను చెప్పను. మారుతుందన్నది మాత్రం నిజం.

కోఠీ_కుర్రాడు
ఇదంతా పొగడ్త వినే వైపు. నాకు చెప్పే వైపే కష్టం. ఈ మధ్యే జాబ్‌లో చేరాను. మన దగ్గర ఎవరి చొక్కా అయినా నచ్చితే "ఎక్కడ కొన్నావు, ఎంత?" అని అడుగుతాం, అదే మెచ్చుకోవడం. మొన్న ఆఫీసుకొచ్చిన ఒక ఫారిన్ సార్ బ్యాగ్ గురించి మా ఫ్రెండ్ "సర్, నైస్ బ్యాగ్, హౌ మచ్?" అన్నాడు. ఆయన మొహం చూడాలి. కొంటావా అన్నట్టు చూశాడు. అడగకూడదా ఇలా?

డాలస్_కోడలు
ఎక్కడ కొన్నారో అడగొచ్చు తమ్ముడూ. ఇక్కడ అది మంచి పొగడ్తే, "వేర్ డిడ్ యూ గెట్ ఇట్?" అంటే సంబరంగా చెప్తారు. ధర దాకా వెళ్ళకు. తక్కువకి కొన్నదైతే వాళ్ళే చెప్పేస్తారు, సేల్‌లో దొరికిందని.

ఇరానీచాయ్
మా అమ్మ అయితే ధర విని "నిన్ను మోసం చేశాడు, సుల్తాన్ బజార్‌లో సగానికి వస్తుంది" అని కూడా చెప్తుంది. అది ఫ్రీ సర్వీస్.

తార్నాక_టీచరమ్మ
కోఠీ తమ్ముడూ, ఇంగ్లీషులో మెచ్చుకోవడం నువ్వు అనుకున్నంత కష్టం కాదు. జోన్ మేన్స్, నెస్సా వుల్ఫ్‌సన్ అనే ఇద్దరు అమెరికాలో 686 పొగడ్తలు సేకరించి 1981లో ప్రచురించారు. వాటిలో 85 శాతం మూడే మూడు వాక్య నిర్మాణాలు. ఫలానాది బాగుంది, ఫలానాది నాకు నచ్చింది, అది మంచి ఫలానా. మొదటి రకమొక్కటే సగం పైన. వాడిన విశేషణాల్లో మూడింట రెండొంతులు ఐదే: నైస్, గుడ్, బ్యూటిఫుల్, ప్రెటీ, గ్రేట్. మాతృభాషగా మాట్లాడేవాళ్ళే ఇంత చిన్న సరంజామాతో నెట్టుకొస్తున్నారు. మన పిల్లలు డిక్షనరీ తిరగేసి "మార్వెలస్", "మాగ్నిఫిషెంట్", "ఎక్స్‌ట్రార్డినరీ" అంటారు. చిన్న ప్రెజెంటేషన్‌కి అంత పెద్ద మాట పడితే కాకా పడుతున్నాడనుకుంటారు.

ఉప్పల్_ఉష
మునగచెట్టు ఎక్కిస్తున్నాడని.

అమీర్‌పేట్_ట్రైనర్
ఇది నేను ఒప్పుకుంటాను. మా స్టూడెంట్స్‌కి ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో పెద్ద పదాలు వాడితే మార్కులొస్తాయని ఒక నమ్మకం. ఆ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. చూసేది ధారాళత, పదజాలం, వ్యాకరణం, ఉచ్చారణ. ఎదుటి మనిషిని ఎలా మెచ్చుకున్నావు, పొగిడితే ఏమన్నావు అన్నదానికి విడిగా మార్కుల్లేవు. మార్కులు లేనిది నేర్పమని ఫీజు కట్టినవాళ్ళు అడగరు. వీసా వచ్చి విమానం ఎక్కాకే అవసరం తెలుస్తుంది.

నైట్‌షిఫ్ట్_నరేశ్
చెప్పే వైపు నా అనుభవం ఒకటి రాస్తా. ఏం బాగుందో చెప్పండి. "యూ ఆర్ గ్రేట్ సర్" అంటే గాలికి పోతుంది. "ఆ డేటాబేస్ ప్రశ్నకి మీరు బొమ్మ గీసి చెప్పడం వల్ల నాకు వెంటనే అర్థమైంది" అని ఇంగ్లీషులో రాస్తే, మా క్లయింట్ వైపు ఆర్కిటెక్ట్ దాన్ని తన బాస్‌కి కూడా ఫార్వర్డ్ చేశాడు. పెద్ద పోస్టులో ఉన్నవాళ్ళని మనం మెచ్చుకోవచ్చా అన్న మొహమాటం కూడా అప్పుడే పోయింది నాకు.

కోఠీ_కుర్రాడు
అన్నా, పెద్దవాళ్ళని మెచ్చుకుంటే సోప్ వేసినట్టు ఉండదా?

నైట్‌షిఫ్ట్_నరేశ్
పని గురించి అయితే ఉండదు. షర్టు గురించి అయితే ఉంటుంది.

తార్నాక_టీచరమ్మ
నరేశ్ గారి మాటకి తోడు ఇంకోటి. పై స్థాయివాళ్ళు కింది స్థాయివాళ్ళని మెచ్చుకోవడమే ఎక్కువ, కిందినుంచి పైకి తక్కువ అని వుల్ఫ్‌సన్ అమెరికాలోనే గమనించారు. పైకి వెళ్ళే పొగడ్తకి అక్కడా కాస్త ఆచితూచి మాట్లాడతారు. కాబట్టి తమ్ముడి అనుమానం సబబైనదే.

గచ్చిబౌలి_గీత
ఆడవాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. మగ కొలీగ్స్ ఇంగ్లీషులో పొగడ్త ప్రాక్టీస్ చేస్తున్నామని "యూ ఆర్ లుకింగ్ వెరీ బ్యూటిఫుల్ టుడే" అంటారు. తెలుగులో ఆ మాట నోటికి కూడా రాదు వాళ్ళకి. ఇంగ్లీషులో అయితే తేలిగ్గా అనేస్తారు. వినేవాళ్ళకి మాత్రం అది తేలిగ్గా ఉండదు.

డాలస్_కోడలు
వందసార్లు నిజం. "యూ హావ్ బికమ్ ఫెయిర్" అని కూడా వింటాం. రంగు తేలావు, ఒళ్ళు చేశావు, చిక్కిపోయావు, ఇవన్నీ మన ఇళ్ళలో ప్రేమగా అనే మాటలే. ఇంగ్లీషులోకి దింపి ఆఫీసులో అంటే మనిషి నొచ్చుకుంటుంది.

తార్నాక_టీచరమ్మ
న్యూజిలాండ్‌లో జానెట్ హోమ్స్ చూసిన పొగడ్తల్లో దాదాపు మూడింట రెండొంతులు ఇచ్చింది ఆడవాళ్ళే, అందుకున్నవాళ్ళలో ఇంకా ఎక్కువమంది ఆడవాళ్ళే. రూపం, బట్టలు, జుట్టు గురించిన పొగడ్త ఎక్కువగా ఆడవాళ్ళ మధ్యే నడుస్తుంది. అదే మాట మగ కొలీగ్ నోటి నుంచి వస్తే బరువు మారిపోతుంది. మన దేశంలో పనిచోట వేధింపుల చట్టం 2013 నుంచి ఉంది, ఇష్టంలేని వ్యాఖ్యలు కూడా దాని కిందికి రావచ్చు. పని గురించి మెచ్చుకోండి అబ్బాయిలూ. ఏ భయమూ ఉండదు, ఎదుటివాళ్ళకి నిజంగా సంతోషం.

కోఠీ_కుర్రాడు
నోట్ చేసుకున్నా మేడమ్.

పాతబస్తీ_రఫీ
వస్తువుల పొగడ్తలో ఇంకో చిక్కుంది. మా నానీమాకి ఎవరైనా "మీ గాజులు ఎంత బాగున్నాయో" అంటే తీసి చేతిలో పెట్టేస్తుంది, "రఖ్ లో బేటా" అని. అందుకే ఆవిడ ముందు వస్తువుల్ని మెచ్చుకోవద్దని మా అమ్మ పిల్లలందరికీ ముందే చెప్పి తీసుకెళ్తుంది.

తార్నాక_టీచరమ్మ
హోమ్స్ రాసిన వాటిలో అచ్చం ఇలాంటి ఉదాహరణే ఉంది. న్యూజిలాండ్‌లో ఒకావిడ సమోవా దేశస్థురాలి మెడలో హారం చూసి చాలా బాగుందంది. ఈవిడ వెంటనే "తీసుకోండి" అంది. పొగిడిన ఆవిడ సిగ్గుతో చితికిపోయింది. రెండు వైపులా ఇంగ్లీషే, రెండు వైపులా మంచి మనసే.

ఉప్పల్_ఉష
దిష్టి గురించి ఎవరూ ఎత్తలేదేం? మా స్కూల్లో (నేను ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెప్తాను) ఒక తల్లితో "మీ పాప చాలా చురుకు, చాలా బాగా చదువుతుంది" అంటే ఆవిడ మొహంలో సంతోషం కన్నా ముందు కంగారు కనబడింది. "ఏం చదువుతుంది మేడమ్, ఇంట్లో మాట వినదు" అంది. తర్వాత పాప చెప్పింది, ఆ రాత్రి ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారని. బిడ్డ మీద ప్రేమతోనే పొగడ్తని కొట్టేసింది ఆ తల్లి. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లని క్లాసులో నిలబెట్టి "సే థ్యాంక్యూ" అంటే ఆ పిల్ల ఏమనుకోవాలి?

పాతబస్తీ_రఫీ
మా దగ్గర దానికే మాషా అల్లా అంటాం. పొగిడేవాళ్ళే ఆ మాట కలిపితే తల్లికి కంగారు ఉండదు.

మారేడ్‌పల్లి_మామయ్య
ఉషమ్మా, ఇంతసేపూ నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది నువ్వు చెప్పావు తల్లీ.

అమీర్‌పేట్_ట్రైనర్
మరి మీరు క్లాసులో ఏం చేస్తారు ఉష గారూ? తెలుసుకుందామనే అడుగుతున్నాను.

ఉప్పల్_ఉష
ఎనిమిదో తరగతికి ఒకటి చేయిస్తున్నాను. ఇద్దరిద్దరు కూర్చుంటారు. ఒకరి నోట్‌బుక్ ఒకరు చూసి, నిజంగా నచ్చినది ఒక్కటి వెతకాలి. "యువర్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ నైస్" దగ్గర ఆగకూడదు, ఏ పేజీలో ఏది అని వేలు పెట్టి చూపించాలి. విన్నవాళ్ళు "థ్యాంక్యూ" తర్వాత ఆ వస్తువు కథ ఒక్క వాక్యం చెప్పాలి. మొదట్లో అందరూ కిసుక్కున నవ్వుకుంటారు. ఒకమ్మాయి మ్యాప్‌లో గోదావరి గీసిన తీరు బాగుందని పక్కమ్మాయి చెప్పింది. ఈ పిల్ల తలెత్తకుండా "థ్యాంక్యూ. మై ఫాదర్ ఈజ్ ఫ్రమ్ భద్రాచలం. ఐ సా ద రివర్" అంది. అంతే, మిగతా పిల్లలంతా భద్రాచలం గురించి ప్రశ్నలు మొదలుపెట్టారు, ఇంగ్లీషులో. ఆ పిల్ల గొప్పలు చెప్పలేదు, కాదని కూడా అనలేదు. నది చూశానంది.

తార్నాక_టీచరమ్మ
ఉష గారూ, టీచర్ ట్రైనింగ్‌లో వాడుకోవాల్సిన పాఠం ఇది. మా ఊళ్ళోనే 1958 నుంచి ఇంగ్లీషు బోధన కోసం ఒక కేంద్ర సంస్థ ఉంది, 2007 నుంచి అది ఇఫ్లూ అనే యూనివర్సిటీ. అంత పెద్ద చోటు పక్కనే ఉండి కూడా మన స్కూళ్ళ పాఠాల్లో క్షమాపణ, అభ్యర్థన దాకానే వస్తాం. పొగడ్త వచ్చేసరికి పుస్తకం అయిపోతుంది. నాకు చాలా ఏళ్ళుగా ఉన్న బాధ ఇది.

నైట్‌షిఫ్ట్_నరేశ్
అందరూ ఉన్నారు కాబట్టి ఇదీ అడుగుతా. "యువర్ ఇంగ్లిష్ ఈజ్ సో గుడ్" అంటే ఏమనాలి? ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం నేను. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. నా పని గురించి చెప్పు, నా ఇంగ్లీషుతో నీకేం పని?

డాలస్_కోడలు
నాకూ మొదట్లో మండేది. చాలామంది మంచి మనసుతోనే అంటారు, పరాయి దేశం నుంచి వచ్చావని మనసులో ఉంటుంది. నేను "థ్యాంక్స్, సో ఈజ్ యువర్స్" అని నవ్వేదాన్ని.

గచ్చిబౌలి_గీత
హహ, ఇది నాకు కావాలి.

అమీర్‌పేట్_ట్రైనర్
క్లయింట్‌తో అలా అనకండి నరేశ్. "థ్యాంక్యూ, ఐ గ్రూ అప్ స్పీకింగ్ ఇట్" చాలు. నిజం చెప్పినట్టూ ఉంటుంది, తెలియనివాళ్ళకి తెలిసినట్టూ ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_నరేశ్
ఇది బాగుంది. వాడతా. అయినా మండుతుందన్నది మాత్రం వెనక్కి తీసుకోను. పదేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని పదో తరగతి పిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకోవడం తప్పే.

తార్నాక_టీచరమ్మ
తీసుకోనక్కర్లేదు. ప్రతి పొగడ్తనీ నెత్తిన పెట్టుకోవాలని ఎవరూ అనలేదు. మర్యాదగా పక్కకి జరపడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

కోఠీ_కుర్రాడు
ఆఖరు డౌట్. ఆఫీస్ గ్రూప్‌లో అందరి ముందూ "కుడోస్ టు సో అండ్ సో" అని మెసేజ్ పెడతారు కదా. దానికి థంబ్ కొట్టి ఊరుకోవచ్చా?

గచ్చిబౌలి_గీత
ఊరుకోకు తమ్ముడూ. మా మేనేజర్‌తో ఇవాళ మళ్ళీ మాట్లాడినప్పుడు ఇది కూడా వచ్చింది. ఒక లైను రాయి: థ్యాంక్యూ, ఏ పని నీకు నచ్చిందో, ఎవరు సాయం చేశారో. సాయం చేసినవాళ్ళని పేరు పెట్టి ట్యాగ్ చెయ్యి. వట్టి "టీమ్" అంటే ఎవరికీ అందదు. పేరు చెప్తే ఆ మనిషికి అందుతుంది, నీ పనీ కనబడుతుంది.

కోఠీ_కుర్రాడు
మరి తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడుకునే దగ్గర? మన ఊళ్ళో సగం మాటలు అలాగేగా. "అక్కా, శారీ సూపర్ ఉంది" అంటే ఏ పద్ధతి?

ఉప్పల్_ఉష
"థ్యాంక్స్ రా. పాతదే, మా అమ్మది." రెండూ వచ్చేశాయి చూడు.